స్నేహం, ప్రేమ, హద్దులు నేర్పే తరగతులు: ఫలితం కొలవడం ఎలా?

సెషన్ ముగియగానే పంచే ఫీడ్‌బ్యాక్ కాగితంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఈ కార్యక్రమం మీకు నచ్చిందా?" దాదాపు అందరూ "చాలా నచ్చింది" మీద టిక్కు పెడతారు. చెప్పిన విషయం నచ్చిందో, భోజనం తర్వాత ఫిజిక్స్ పీరియడ్ తప్పినందుకు నచ్చిందో ఆ టిక్కు చెప్పదు. విశాఖలో జూనియర్ కాలేజీలు, హాస్టళ్లు, డిగ్రీ కాలేజీల్లో ఇలాంటి తరగతులు నడిపే లెక్చరర్లు, కౌన్సెలర్లు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు ఆ టిక్కులను దాటి అసలు మార్పును ఎలా కొలవాలో ఇక్కడ చెబుతున్నాం. పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఓపిక మాత్రం చాలా కావాలి.

ముందు ఒక్క వాక్యం రాయండి

తరగతులు మొదలుకాక ముందే, వాటి తర్వాత పిల్లలు ఏం *చేస్తే* అవి పనిచేసినట్టు అన్నది ఒక్క వాక్యంలో రాసుకోండి. "గౌరవం పెరుగుతుంది", "అవగాహన కలుగుతుంది" అని రాస్తే కొలవలేరు. "స్నేహితుడు ఒక అమ్మాయి ఫొటోను గ్రూపులో పెడితే తీసేయమని చెబుతాడు", "ఫోన్ పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వనని చెప్పగలుగుతుంది", "ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి ఒక పెద్దమనిషి పేరు వెంటనే తడుతుంది" అని రాస్తే కొలవగలరు. మూడు చాలు. పది పెట్టుకుంటే ఏదో ఒకటి యాదృచ్ఛికంగానే మెరుగుపడినట్టు కనిపిస్తుంది. నివేదికలో దాన్నే పట్టుకుని వేలాడాలనిపిస్తుంది.

ఆ మూడింటికీ మీ పాఠాల్లో చోటుందో లేదో కూడా అప్పుడే చూడండి. పాస్‌వర్డ్ ఇవ్వనని ఎలా చెప్పాలో ఏ సెషన్‌లోనూ నటింపజేసి సాధన చేయించకుండా, చివర్లో ఆ నేర్పు వచ్చిందా అని కొలవడం పిల్లలకు అన్యాయం.

ఎంత మార్పు ఆశించాలో కూడా ముందే తెలియాలి. కెనడాలోని ఒంటారియోలో 20 పాఠశాలల్లో 14, 15 ఏళ్ల పిల్లలు 1,722 మందితో "ఫోర్త్ ఆర్" అనే 21 పాఠాల కార్యక్రమాన్ని పరీక్షించారు. ఫలితాలు 2009లో వచ్చాయి. రెండున్నరేళ్ల తర్వాత తమ జోడీపై చేయి చేసుకున్నామని చెప్పినవాళ్లు మామూలు పాఠశాలల్లో 9.8 శాతం, కార్యక్రమం జరిగినచోట 7.4 శాతం. అబ్బాయిలను విడిగా చూస్తే మామూలు పాఠశాలల్లో 7.1 శాతం, కార్యక్రమం జరిగినచోట 2.7 శాతం. అమ్మాయిలలో దాదాపు తేడా లేదు. ఇందులో మనకు రెండు సంగతులు పనికొస్తాయి. ఇరవై ఒక్క పాఠాలకే తేడా అంత చిన్నదైతే, ఒక్క పూట సెమినార్‌తో ప్రవర్తన మారిందని చెప్పుకోవడం అతిశయోక్తి. అబ్బాయిల, అమ్మాయిల లెక్కలు కలిపేస్తే అసలు విషయం కనబడకుండా పోతుంది.

ప్రశ్న ఏ తెలుగులో అడుగుతున్నారు?

ఎక్కువ మూల్యాంకనాలు పాడయ్యేది ఇక్కడే. లెక్కల దగ్గర కాదు, మాటల దగ్గర.

ఇంగ్లిష్ ప్రశ్నపత్రాన్ని తెలుగులోకి దించి "ఆరోగ్యకరమైన సంబంధం అంటే ఏమిటి?" అని అడిగితే, ఇంటర్ చదివే పిల్లకు సంబంధం అంటే పెళ్లి సంబంధం. లేదంటే వార్తల్లో వచ్చే "అక్రమ సంబంధం". "ఆరోగ్యకరమైన" అనగానే ఆకుకూరలు, వ్యాయామం గుర్తొస్తాయి. "సమ్మతి" పరీక్షల మాటలా వినిపిస్తుంది. పోనీ "ఒప్పుకోవడం" అందామంటే, పిల్లల భాషలో "ఒప్పుకుంది" అంటే ప్రపోజ్ చేస్తే సరేనందని అర్థం. ఒక్కసారి ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే అన్న పొరపాటు ఆ మాటలోనే దాక్కుని ఉంది. "గౌరవం" అంటే పెద్దలు వస్తే లేచి నిలబడటం. "హింస" అంటే కొట్టడం. రోజుకు నలభై సార్లు ఫోన్ చేసి ఎక్కడున్నావని నిలదీయడాన్ని ఎవరూ హింస అనరు, "టార్చర్" అంటారు. అదీ సగం నవ్వుతూనే.

అందుకే పేర్లు పెట్టకుండా పనులను అడగండి. "మీరు హింసకు గురయ్యారా?" అని అడగకండి. "గత మూడు నెలల్లో ఎవరైనా మీ ఫోన్ లాక్కుని మెసేజ్‌లు చదివారా?", "వద్దన్నా వెంటపడ్డారా?", "మాట్లాడటం మానేస్తే ఏదైనా చేసుకుంటానని బెదిరించారా?" అని అడగండి. జవాబులు "ఒక్కసారీ లేదు / ఒకటి రెండు సార్లు / ఎక్కువసార్లు". కాలపరిమితి తప్పక పెట్టండి. "ఎప్పుడైనా" అని అడిగితే ముందు కంటే తర్వాత లెక్క తగ్గడం అసాధ్యం. ఒకసారి జరిగింది ఎప్పటికీ జరిగినట్టే ఉంటుంది కదా.

వ్యతిరేకం మీద వ్యతిరేకం పెట్టకండి. "అనుమతి లేకుండా ఫోన్ చూడకూడదని నేను అనుకోను" అన్న వాక్యానికి "అంగీకరించను" అని టిక్కు పెడితే పిల్లవాడు ఏమన్నట్టు? పెట్టినవాడికీ తెలియదు. ఒక వాక్యంలో రెండు విషయాలూ వద్దు. "అనుమానించడం, అరవడం తప్పు" అంటే అనుమానించడం ప్రేమే అనుకుని, అరవడం తప్పనుకునే పిల్లకు జవాబు ఉండదు. అలాంటి పిల్లలు చాలామంది.

అసలు సత్తా ఉన్నవి సన్నివేశ ప్రశ్నలు. ఉదాహరణకు: "దివ్య, కిరణ్ ఆరు నెలలుగా ప్రేమలో ఉన్నారు. దివ్య క్లాస్‌మేట్ అబ్బాయితో ప్రాజెక్ట్ పని చేస్తోంది. కిరణ్ ఆ అబ్బాయిని బ్లాక్ చేయమన్నాడు. 'నువ్వంటే ప్రేమ కాబట్టే చెబుతున్నా' అన్నాడు. దివ్య అతనితో ఏమని చెప్పవచ్చు? మీ మాటల్లో రాయండి." ఈ జవాబులకు సున్నా, ఒకటి, రెండు మార్కులు వేయండి. బ్లాక్ చేసెయ్యాలి, లేదా ఊరుకోవాలి అని రాస్తే సున్నా. చేయకూడదని రాసి, ఎలా చెప్పాలో రాయకపోతే ఒకటి. కిరణ్‌తో అనగలిగిన మాటలను నిజంగా రాస్తే రెండు. ఇద్దరు మనుషులు విడివిడిగా 30 కాగితాలు దిద్ది పోల్చుకోవాలి. అయిదింట ఒకదానికన్నా ఎక్కువ కాగితాల్లో తేడా వస్తే నియమాలు సరిగా లేనట్టే, తిరగరాసుకోండి. దిద్దేవాళ్లకు ఏది ముందు కాగితమో, ఏది తర్వాతిదో తెలియకూడదు. రెండు కట్టలనూ కలిపి ఇవ్వండి. తర్వాతి సర్వేలో పేర్లు, సన్నివేశం కొద్దిగా మార్చండి, కష్టం మాత్రం అంతే ఉండాలి. అదే సన్నివేశం మళ్లీ ఇస్తే, సెషన్‌లో విన్న జవాబు అప్పజెబుతారు.

ప్రశ్నపత్రం అచ్చు వేయించే ముందు ఎనిమిది, పదిమంది పిల్లల చేత చదివించండి. వాళ్లు మీ కార్యక్రమంలో ఉండబోయేవాళ్లు కాకూడదు. ఒక్కో ప్రశ్న చదివాక "ఇది ఏం అడుగుతోంది? నీ మాటల్లో చెప్పు" అనండి. గాజువాక నుంచి ఇద్దరు, పెద జాలరిపేట నుంచి ఇద్దరు, పాడేరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నవాళ్లు ఇద్దరు ఉంటే మంచిది. ఏజెన్సీ పిల్లల్లో కొందరికి ఇంటి భాష కువి లేదా ఆదివాసీ ఒడియా. స్టీల్‌ప్లాంట్, నేవీ కుటుంబాల పిల్లల్లో తెలుగు మాట్లాడినా చదవలేనివాళ్లు ఉంటారు. ఒక నిర్వాహకుడు ప్రశ్నలను పైకి చదువుతుంటే అందరూ ఒకేసారి నింపే పద్ధతి వీళ్లందరికీ సరిపోతుంది. మొత్తం 25 ప్రశ్నలు దాటకూడదు. 45 నిమిషాల పీరియడ్‌లో కూర్చోబెట్టడానికి, వివరించడానికే పది నిమిషాలు పోతాయి.

మంచి పిల్లల జవాబులు

తరగతులయ్యాక పిల్లలకు ఏది "సరైన" జవాబో తెలిసిపోతుంది. అలా అనుకుంటున్నారా, మీ కోసం అలా రాశారా? ఈ చిక్కు ఎంత పెద్దదంటే, హర్యానాలో 314 ప్రభుత్వ పాఠశాలలను తీసుకుని, వాటిలో 150 చోట్ల ఆడ, మగ సమానత్వంపై రెండున్నరేళ్లు నడిచిన తరగతులను కొలిచిన పరిశోధకులు, 2022లో అచ్చయిన తమ అధ్యయనంలో దీనికోసం విడిగా ఒక కొలత పెట్టుకున్నారు. నలుగురిలో మంచిగా కనబడాలన్న తాపత్రయం ఎవరిలో ఎంత ఉందో చూసే మార్లో-క్రౌన్ ప్రశ్నలవి. మీరూ అలాంటి నాలుగు వాక్యాలు కలపవచ్చు: "నేను ఇంతవరకూ ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు", "నా తప్పును ఎప్పుడూ వెంటనే ఒప్పుకుంటాను". నాలుగింటికీ అవునని పెట్టిన మహానుభావుల మార్పును విడిగా చూడండి. మార్పంతా వాళ్లలోనే కనిపిస్తే మీరు కొలిచింది మర్యాదను.

ఎవరితో పోల్చాలి, ఎంతమంది

ముందు, తర్వాత లెక్క ఒక్కటే సరిపోదు. పదహారేళ్ల పిల్లలు ఆరు నెలల్లో ఎవరూ ఏమీ చెప్పకపోయినా మారతారు. తరగతులు ఇంకా జరగని గుంపు ఒకటి పక్కన ఉండాలి. వాళ్లకు తర్వాతి టర్మ్‌లో పాఠాలు చెబుతామని మాటిస్తే ప్రిన్సిపాళ్లు సాధారణంగా ఒప్పుకుంటారు. ఆ మాట నిలబెట్టుకోండి.

ఒకే కాలేజీలో "ఎ" సెక్షన్‌కు పాఠాలు చెప్పి, "బి" సెక్షన్‌తో పోల్చడం తేలిక. అదే పెద్ద ఉచ్చు కూడా. చాలా ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో సెక్షన్లు మార్కులను బట్టి విడదీస్తారు. పోల్చే పిల్లలు మొదటి రోజు నుంచే వేరు. పైగా రెండు సెక్షన్ల వాళ్లూ ఒకే హాస్టల్ గదిలో పడుకుంటారు, ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు. పాఠం రాత్రికే గోడ దాటుతుంది. వీలైతే వేర్వేరు క్యాంపస్‌లు తీసుకోండి. మధురవాడలో రెండు, పెందుర్తిలో రెండు అలా ఎంచుకుని, ఎవరికి ముందు ఎవరికి తర్వాత అన్నది చీటీలు వేసి తేల్చండి. ఉత్సాహంగా ముందుకొచ్చిన కాలేజీకే ముందు పెడితే, ఆ ఉత్సాహాన్నే ఫలితంగా లెక్కేసినట్టు.

పోల్చే పాఠశాలలో ఏమీ జరగడం లేదనీ అనుకోకండి. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలోని 11 అంశాల్లో పరస్పర సంబంధాలు, లింగ సమానత్వం, ఇంటర్నెట్ భద్రత ఉన్నాయి. ఒక్కో బడిలో ఇద్దరు టీచర్లకు ఆ బాధ్యత. అవి అక్కడ ఎంత జరిగాయో అడిగి రాసుకోండి.

సంఖ్య విషయం. ఒక ప్రశ్నకు సరైన జవాబు 40 శాతం నుంచి 55 శాతానికి పెరిగితే ఆ తేడాను నమ్మకంగా పట్టుకోవడానికి మామూలు లెక్కలో ఒక్కో వైపు 173 మంది చాలు. కానీ ఒకే తరగతి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు. నలభై మంది తరగతిలో ఆ పోలిక (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అందరూ ఒకేలా) 0.05 ఉందనుకుంటే, అవసరమైన సంఖ్యను 1 + (39 × 0.05), అంటే 2.95తో గుణించాలి. ఒక్కో వైపు దాదాపు 510 మంది, 13 తరగతులు. మధ్యలో తగ్గేవాళ్ల కోసం ఇంకో రెండు కలపండి. మీ దగ్గర రెండే తరగతులు ఉంటే శాతాల జోలికి పోకండి. సన్నివేశ జవాబులు, పరిశీలన, బృంద చర్చలు చేసి, "ఇక్కడ ఇలా కనిపించింది" అని మాత్రమే రాయండి. అది చిన్నతనమేమీ కాదు.

ఎప్పుడు

మూడుసార్లు కొలవండి: తరగతులకు ముందు వారం, ముగిసిన రెండు వారాల్లోపు, మళ్లీ మూడు నెలలకు. మూడోదే అసలుది. రెండోదాంట్లో కనిపించేది ఎక్కువగా జ్ఞాపకశక్తి. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి వారం వదిలేయండి, హాస్టల్ పిల్లలు పూర్తిగా తిరిగి రారు. అక్టోబరు, నవంబరుల్లో పెట్టుకుంటే ఒక వారం అదనంగా ఉంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరికి తుపాను సెలవుల గురించి వేరే చెప్పక్కర్లేదు. వార్షిక పరీక్షలకు ఆరు వారాల లోపు ఏ లెక్చరరూ పీరియడ్ ఇవ్వరు. ఫిబ్రవరి 14 ముందూ వెనకా వద్దు, జవాబులన్నీ ఆ ఊపులోనే వస్తాయి.

పేరు లేకుండా జత కలపడం

పేరు రాయిస్తే నిజం రాయరు. పేరు లేకపోతే ముందు కాగితాన్ని తర్వాతి కాగితంతో జత చేయలేం. దీనికి మందు పిల్లలే కట్టుకునే కోడ్. నాలుగు భాగాలు: అమ్మమ్మ పేరులో మొదటి అక్షరం, అమ్మ పుట్టింటి ఊరి మొదటి అక్షరం, తాము పుట్టిన తేదీ (నెల, సంవత్సరం వద్దు), తమకంటే పెద్ద తోబుట్టువులు ఎంతమంది. ఇంటిపేరు వాడకండి, హాజరు పట్టీ పక్కన పెట్టుకుంటే ఇట్టే దొరికిపోతారు. తమ్ముళ్లు, చెల్లెళ్ల సంఖ్య మారవచ్చు కాబట్టి పెద్దవాళ్లనే అడుగుతున్నాం.

తెలుగులో ఈ కోడ్‌కు కొన్ని సొంత తలనొప్పులున్నాయి. ఒకసారి "శ్రీలక్ష్మి" అనుకుని "శ్రీ" రాసిన పిల్ల, రెండోసారి "లక్ష్మి" అనుకుని "ల" రాస్తుంది. కొందరు గుణింతంతో "సీ" రాస్తారు, కొందరు "స". పైకి చదివేటప్పుడే "ఇంట్లో పిలిచే పేరు, గుణింతం లేకుండా మొదటి అక్షరం" అని చెప్పండి. సింహాద్రి అప్పన్న చలవ వల్ల మన అమ్మమ్మల్లో అప్పలనరసమ్మలు, అప్పాయమ్మలు బోలెడుమంది. "అ" ఒక్కటే గుట్టగా పడుతుంది. అందుకే ఊరి అక్షరం కూడా కావాలి. నాలుగింట మూడు కలిసి, తరగతి కూడా ఒకటే అయితే జతగా తీసుకోండి. ఈ కోడ్‌లున్న కాగితాలు కాలేజీ వాళ్ల చేతికి ఇవ్వకూడదు.

సర్వే సమయంలో లెక్చరర్ గదిలో ఉండకూడదు. కాగితం మడిచి పిల్లలే సీలు వేసిన పెట్టెలో వేయాలి. బెంచీకి ఇద్దరు. అంతకు మించితే పక్కవాడి కాగితమే అందరి కాగితం. గూగుల్ ఫారం పంపి ఇంట్లో నింపమనడం వద్దు, అన్నయ్య భుజం మీంచి చూస్తుంటాడు.

చట్టం గురించి దాటవేయకూడని మాట

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, పిల్లల సొంత ఇష్టం రెండూ కావాలి. అనుమతి పత్రంలో "వ్యక్తిత్వ వికాసం" అని ముసుగు వేయకండి. స్నేహం, ప్రేమ పేరుతో వేధింపులు, ఆన్‌లైన్ భద్రత గురించి అని రాయండి. దాచి తీసుకున్న అనుమతి మొదటి ఫిర్యాదుకే కూలిపోతుంది.

2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం, పద్దెనిమిది లోపు వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ అధిపతికైతే ఏడాది వరకు. ఇష్టపడి జరిగినా పద్దెనిమిది లోపు అయితే ఈ చట్టం కిందికే వస్తుంది. అందుకే పేరు తెలిసే ముఖాముఖిలో మైనర్లను లైంగిక అనుభవాల గురించి అడగకండి. బృంద చర్చ మొదలయ్యే ముందు "ఇక్కడ విన్నది బయట చెప్పం, కానీ ఎవరికైనా ప్రమాదం ఉందని తెలిస్తే చెప్పాల్సి వస్తుంది" అని స్పష్టంగా చెప్పండి. ఆ మాటతో చర్చ కాస్త చల్లబడుతుంది. చల్లబడనివ్వండి.

ప్రతి కాగితం చివర చింపుకుని తీసుకెళ్లే చీటీ ఉంచండి: చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మహిళల హెల్ప్‌లైన్ 181, పోలీసులు 112, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) పేర్లూ రాయండి. 2022 ఏప్రిల్‌లో జిల్లా మూడుగా విడిపోయింది. అంతకుముందు తయారైన అధికారుల నంబర్ల పట్టిక మీ దగ్గరుంటే, ఒక్కో నంబరుకూ ఫోన్ చేసి చూశాకే అచ్చు వేయండి.

అసలు పాఠాలు జరిగాయా?

ఫలితం రాలేదంటే పాఠం చెడ్డదని కాదు, జరగలేదేమో. ఆరు సెషన్లలో ఎన్ని జరిగాయి, ఒక్కోటి ఎన్ని నిమిషాలు, ఎంతమంది వచ్చారు అన్నది అదే రోజు రాసి ఉంచాలి. ప్రతి మూడు సెషన్లలో ఒకదానికి బయటి మనిషి వెనక బెంచీలో కూర్చుని, అనుకున్న అంశాల్లో ఏవి చెప్పారో, ఏవి వదిలారో టిక్కులు పెట్టాలి. "వద్దు అంటే వద్దు" సెషన్‌ను సిగ్గుపడి నైతిక విలువల ఉపన్యాసంగా మార్చేసే వక్తలు ఉంటారు. వక్త ఎంతసేపు మాట్లాడారు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు అన్నది గడియారం చూసి రాస్తే చాలు, సెషన్ నాణ్యత సగం తెలిసిపోతుంది.

అంకెలు చదవడం

ఊహాజనిత లెక్క ఒకటి. పాఠాలు విన్న వైపు సరైన జవాబులు 38 నుంచి 52 శాతానికి, పోల్చే వైపు 40 నుంచి 46కి పెరిగాయనుకోండి. మీ కార్యక్రమం తెచ్చిన మార్పు 14 కాదు, 14 నుంచి 6 తీసేస్తే 8. సగటుతో ఆగకండి. ముందు సరిగా రాసి తర్వాత తప్పు రాసినవాళ్లు ఎంతమందో కూడా చూడండి. కొన్ని తరగతులు అబ్బాయిలకు రోషం తెప్పించి వెనక్కి నెడతాయి, సగటు దాన్ని కప్పేస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. "వద్దన్నా వెంటపడ్డారా?" అన్న ప్రశ్నకు తర్వాత అవునన్నవాళ్లు పెరిగితే కంగారు పడకండి. ముందు మామూలే అనుకున్నది ఇప్పుడు వేధింపుగా కనిపిస్తోందేమో. దీన్ని విడదీయడానికి మూడో సర్వేలో ఒక ప్రశ్న కలపండి: "తరగతులకు ముందు కూడా ఇలా జరిగిందని ఇప్పుడు అనిపిస్తోందా?"

మూడో సర్వేకు రానివాళ్ల మొదటి కాగితాలు తీసి చూడండి. నేవీ బదిలీతో వెళ్లినవాళ్లైతే పెద్దగా ఫరవాలేదు. చదువు మానేసినవాళ్లు, పెళ్లయిపోయిన అమ్మాయిలు అయితే, ఎవరి కోసం కార్యక్రమం పెట్టారో వాళ్లే లెక్కలోంచి జారిపోయారు. మిగిలినవాళ్ల మెరుగుదలను అందరి మెరుగుదలగా రాయకండి.

నివేదికలో ఏ గడిలోనైనా అయిదుగురి కంటే తక్కువ ఉంటే ఆ అంకె వేయకండి. "సీఈసీ అమ్మాయిల్లో ఇద్దరు" అని రాస్తే ఆ ఇద్దరెవరో సాయంత్రానికి కాలేజీ అంతా చెప్పుకుంటుంది. ప్రిన్సిపాల్‌కు ఒక పేజీ ఇవ్వండి, పిల్లలకు పదిహేను నిమిషాలు ఇవ్వండి. వాళ్ల జవాబుల్లో ఏం తేలిందో బోర్డు మీద రాసి, "ఇది నిజమేనా?" అని అడగండి. అక్కడ వాళ్లు సరిదిద్దేది కూడా సమాచారమే, దాన్నీ నివేదికలో చేర్చండి.